అటక మీద నిద్రపోయి అమెరికాకు మందులిచ్చిన రసాయన శాస్త్రవేత్త పెర్సీ జూలియన్

గొప్ప శాస్త్రవేత్తల పేర్లు చెప్పమంటే మనలో ఎవరైనా న్యూటన్, ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, సి.వి.రామన్, మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పేర్లు గబగబా చెప్పేస్తాం. పెర్సీ లావన్ జూలియన్ పేరు మాత్రం మనకు అంతగా తెలియదు. ఆయన బానిసల మనవడు. నల్లవాడన్న కారణంతో కాలేజీ హాస్టల్లో చోటు దొరకని విద్యార్థి. పట్టా చేతికి వచ్చాక కూడా ఉద్యోగం కోసం ఎన్నో తలుపులు తట్టిన నిరుద్యోగి. అలాంటి మనిషి సోయా చిక్కుడు గింజల నుంచి హార్మోన్లు తయారుచేసి, ధనవంతులకే అందే మందులు మామూలు రోగులకు అందడానికి దారి వేశారు. అధివృక్క గ్రంథి జబ్బులకు, కీళ్లవాతానికి, ఉబ్బసానికి ఈనాడు వాడే స్టీరాయిడ్ మందుల చరిత్రలో ఆయనకు ఒక పేజీ ఉంది. వసతి గృహాల్లో ఉండి చదువుకుంటున్న మనం ఆయన జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి.

బాల్యం - తెగిన వేళ్ల తాతయ్య

పెర్సీ జూలియన్ 1899 ఏప్రిల్ 11న అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ పట్టణంలో జన్మించారు. తండ్రి జేమ్స్ రైల్వే తపాలా శాఖలో గుమాస్తా. తల్లి ఎలిజబెత్ టీచరు. ఆరుగురు పిల్లల్లో పెర్సీ పెద్దవాడు. తాతయ్య బానిసగా పుట్టినవాడు. బానిసలు అక్షరాలు నేర్చుకోవడం ఆ రోజుల్లో నేరం. దొంగచాటుగా రాత నేర్చుకున్నందుకు తాతయ్య చేతివేళ్లు రెండు నరికేశారని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. చదువు కోసం వేళ్లు పోగొట్టుకున్న మనిషి నట్టింట్లో తిరుగుతుంటే, ఆ ఇంటి పిల్లలకు చదువు విలువ వేరే ఎవరు చెప్పాలి?

తండ్రి జేమ్స్ చాలా పట్టుదల గల మనిషి. ఒకసారి పెర్సీ లెక్కల పరీక్షలో 80 మార్కులు తెచ్చుకుని సంబరంగా చూపిస్తే, మామూలు మార్కులతో తృప్తి పడవద్దని, ఈసారి నూటికి నూరు తేవాలని తండ్రి తేల్చి చెప్పారట. కానీ ఆ ఊళ్లో నల్లజాతి పిల్లలకు ఎనిమిదో తరగతి దాటితే సరైన ప్రభుత్వ హైస్కూలే లేదు. నల్లజాతి టీచర్లను తయారుచేసే చిన్న పాఠశాల ఒక్కటే దిక్కు. అక్కడ సైన్సు చెప్పింది తక్కువ. ప్రయోగశాల సంగతి చెప్పనక్కర లేదు.

1916లో పదిహేడేళ్ల పెర్సీ ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌కాజిల్ అనే చిన్న ఊరికి, డిపావ్ విశ్వవిద్యాలయంలో చేరడానికి రైలెక్కారు. వీడ్కోలు చెప్పడానికి ఇంటిల్లిపాదీ స్టేషనుకు వచ్చారు. రైలు కదులుతుంటే తాతయ్య వేళ్లు తెగిన ఆ చెయ్యి పైకెత్తి ఊపారు. ఆ చెయ్యి తాను ఎన్నడూ మరచిపోలేదని జూలియన్ పెద్దయ్యాక చెప్పుకున్నారు.

అన్నం పెట్టేవారు లేని ఊరు

డిపావ్‌లో సీటు దొరికింది గానీ హాస్టల్ దొరకలేదు. నల్లవారికి కాలేజీ వసతి గృహంలో ప్రవేశం లేదు. ఊళ్లో గది ఒకటి దొరికినా అక్కడ భోజనం పెట్టరు. హోటళ్లలో నల్లవాళ్లకు వడ్డించరు. కొత్త ఊళ్లో ఒకటిన్నర రోజుల పాటు తిండి పెట్టే చోటు కోసం ఆ కుర్రవాడు తిరిగాడు. చివరికి తెల్లజాతి విద్యార్థులు ఉండే ఒక సంఘ భవనంలో పని కుదిరింది. వాళ్లకు భోజనం వడ్డించాలి, కొలిమి మండించాలి, ఇతర పనులు చూడాలి. అందుకు బదులుగా తిండి, పడుకోవడానికి ఆ ఇంటి అటక.

మిత్రులారా, సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చిన డాక్టర్ అంబేడ్కర్ గారికి 1917లో బరోడాలో ఉద్యోగం ఉంది గానీ తల దాచుకోవడానికి గది లేదు. పార్సీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. అక్కడ రంగు, ఇక్కడ కులం. చదువుకున్న మనిషిని కూడా రాత్రికి ఎక్కడ పడుకోవాలన్న దగ్గరే ఆపేశారు. వసతి గృహం అంటే నాలుగు గోడలూ మూడు పూటల మెతుకులూ మాత్రమే కాదని ఈ రెండు జీవితాలు చూస్తే అర్థమవుతుంది.

పెర్సీ చదువు కూడా తేలిక కాలేదు. హైస్కూలు చదువు సరిపోలేదని, డిగ్రీ పాఠాలతో పాటు పక్కనే ఉన్న పాఠశాలలో హైస్కూలు పాఠాలు కూడా చదవమన్నారు. పగలు రెండు చదువులు, మధ్యలో వడ్డన పని, రాత్రి అటక మీద పుస్తకం. నాలుగేళ్ల తరువాత, 1920లో, ఆ తరగతికే ప్రథముడిగా పట్టా పుచ్చుకున్నారు. రసాయన శాస్త్రం మీద ఆయనకు మక్కువ కలిగించినవారు అక్కడి ప్రొఫెసర్ విలియం బ్లాంచర్డ్. అప్పటికే తల్లిదండ్రులు మిగతా పిల్లలను కూడా చదివించాలని మకాం గ్రీన్‌కాజిల్‌కు మార్చారు. తమ్ముళ్లిద్దరూ డాక్టర్లయ్యారు. ముగ్గురు చెల్లెళ్లూ మాస్టర్స్ డిగ్రీలు తెచ్చుకున్నారు. ఇంటికి పెద్దవాడు ఒక్కడు గడప దాటితే వెనుక ఎంతమందికి దారి పడుతుందో చూడండి.

పట్టా వచ్చింది, పని రాలేదు

తరగతిలో తనకన్నా వెనుకబడినవారికి పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఫెలోషిప్‌లు వచ్చాయి. ప్రథముడికి రాలేదు. నల్లవాడు డాక్టరేట్ చేసినా ఉద్యోగం ఇచ్చేవారు ఉండరు కాబట్టి, నల్లజాతి కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి ఉన్న చదువు చాలునని పెద్దలు సలహా ఇచ్చారు. పెర్సీ ఫిస్క్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు పాఠాలు చెప్పారు. తరువాత ఫెలోషిప్ సంపాదించి హార్వర్డ్‌కు వెళ్లి 1923లో ఎం.ఏ. పూర్తిచేశారు. అక్కడ పీహెచ్‌డీ కొనసాగించాలంటే బోధన సహాయకుడి పని ఉండాలి. తెల్లజాతి విద్యార్థులు నల్లవాడి దగ్గర పాఠం వినడానికి ఒప్పుకోరన్న సాకుతో ఆ పని ఇవ్వలేదు. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు చేతిలో డబ్బు లేకుండా అదే హార్వర్డ్‌లో అడుగు పెట్టింది కూడా ఆ 1923లోనే. ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకుంటూ ఆయన చదువు సాగించారు.

జూలియన్ పట్టు వదల్లేదు. మళ్లీ పాఠాలు చెప్పుకుంటూ ఎదురుచూశారు. 1929లో రాక్‌ఫెల్లర్ నిధుల ఫెలోషిప్‌తో ఆస్ట్రియాలోని వియన్నా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఎర్నెస్ట్ స్పాత్ అనే పేరుపొందిన ఆచార్యుడి దగ్గర, మొక్కల్లో ఉండే ఆల్కలాయిడ్ల మీద పరిశోధన చేసి 1931లో డాక్టరేట్ పొందారు. వియన్నాలో ఆయనను ఎవరూ పక్క గుమ్మం గుండా రమ్మనలేదు. తోటి విద్యార్థులతో కలిసి భోజనం చేశారు, సంగీత సభలకు వెళ్లారు. మనిషిగా బతకడం ఎలా ఉంటుందో ముప్ఫై ఏళ్లు దాటాక పరాయి దేశంలో తెలిసింది.

తిరిగి వచ్చాక వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగాధిపతి అయ్యారు. అయితే అక్కడ అధికారులతో తగాదాలు, వ్యక్తిగత జీవితం చుట్టూ పుట్టిన వివాదం పత్రికలకెక్కడంతో 1932లో రాజీనామా చేయాల్సి వచ్చింది. గొప్పవాళ్ల జీవితాలన్నీ తిన్నగా సాగినవి కావు. ఆ కష్టకాలంలో పిలిచి చోటిచ్చినవారు పాత గురువు బ్లాంచర్డ్ గారే.

ఆక్స్‌ఫర్డ్‌తో పోటీ

ఒకప్పుడు అటక మీద పడుకున్న కాలేజీలోనే జూలియన్ పరిశోధన మొదలుపెట్టారు. వియన్నా నుంచి వచ్చిన మిత్రుడు జోసెఫ్ పిక్ల్ ఆయనకు తోడు. ఆఫ్రికాలో పండే కాలబార్ చిక్కుడు గింజలో ఫైసోస్టిగ్మిన్ అనే పదార్థం ఉంటుంది. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోయే గ్లకోమా జబ్బుకు అది మందు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం అప్పటికి ఎవరి వల్లా కాలేదు.

అదే పని మీద ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ రాబిన్సన్ కూడా ఉన్నారు. ప్రపంచంలోనే పెద్ద రసాయన శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు. తరువాత 1947లో నోబెల్ బహుమతి కూడా పొందారు. ఫైసోస్టిగ్మిన్‌కు ముందు మెట్టు అయిన పదార్థాన్ని తయారుచేశామని రాబిన్సన్ బృందం ప్రకటించింది. జూలియన్ చేసి చూస్తే వచ్చిన పదార్థం వేరు. ఇద్దరిలో ఒకరు తప్పు. పేరులేని చిన్న కాలేజీలో, సొంత పదవి కూడా లేని ఒక నల్లజాతి పరిశోధకుడు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడిది పొరపాటని అచ్చులో రాశారు. తనదే తప్పని తేలితే అంతటితో ఆయన బతుకు ముగిసినట్టే.

తేల్చింది ద్రవీభవన స్థానం. మనం పదో తరగతిలో చదువుకునేదే. శుద్ధమైన ఒక్కో పదార్థం ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది. జూలియన్, పిక్ల్ తయారుచేసిన పదార్థం సరిగ్గా గింజలోని సహజ పదార్థం కరిగే ఉష్ణోగ్రత దగ్గరే కరిగింది. 1935లో ఫైసోస్టిగ్మిన్ పూర్తి సంశ్లేషణ ప్రపంచానికి తెలిసింది. అమెరికన్ కెమికల్ సొసైటీ 1999లో ఈ పనిని జాతీయ చారిత్రక ఘట్టంగా గుర్తించింది.

ఇంత చేసినా డిపావ్ ఆయనను ఆచార్యుడిగా తీసుకోలేదు. డ్యూపాంట్ కంపెనీ పిక్ల్‌కు ఉద్యోగం ఇచ్చింది, జూలియన్‌కు ఇవ్వలేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆపిల్టన్ ఊళ్లో కాగితపు పరిశోధన సంస్థ ఒకటి ఆయనను తీసుకోవాలనుకుంది. కానీ నల్లవారు రాత్రిపూట ఆ ఊళ్లో బస చేయరాదన్న కట్టడి అడ్డుపడింది. మళ్లీ అదే ప్రశ్న. రాత్రికి ఎక్కడ పడుకోవాలి?

సోయా గింజలో దొరికిన నిధి

చివరికి 1936లో షికాగోలోని గ్లిడెన్ కంపెనీ ఆయనను సోయా విభాగం పరిశోధన డైరెక్టరుగా నియమించింది. పెద్ద కంపెనీ ప్రయోగశాలకు ఒక నల్లజాతి శాస్త్రవేత్త అధిపతి కావడం ఆనాడు వింత. సోయా గింజ నుంచి ఆయన వేరుచేసిన ప్రోటీను కాగితాలకు పూతగా పనికొచ్చింది. దానితోనే తయారైన మంటలార్పే నురుగు రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నావికులను కాపాడింది.

1940 ప్రాంతంలో ఒక రోజు ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. లక్ష గ్యాలన్ల సోయా నూనె ఉన్న ట్యాంకులోకి నీళ్లు కారాయి. అడుగున తెల్లగా ఏదో పేరుకుపోయింది. అందరూ నూనె పాడైందని తలలు పట్టుకున్నారు. జూలియన్ మాత్రం ఆ తెల్లటి ముద్దను చూసి గుర్తుపట్టారు. అది స్టిగ్మాస్టెరాల్. కాలబార్ గింజల మీద పనిచేసిన రోజుల్లోనే ఆయన దాని స్ఫటికాలను చూసి ఉన్నారు. అదృష్టం అందరి ట్యాంకుల్లోనూ పేరుకుంటుంది, ముందు చదువుకున్న కళ్లకే కనిపిస్తుంది.

ఆ ముద్దకు అంత విలువ ఎందుకు? మన శరీరంలోని కొన్ని ముఖ్యమైన హార్మోన్లు స్టీరాయిడ్ జాతివి. వాటన్నిటికీ లోపలి చట్రం ఒక్కటే. నాలుగు కర్బన వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ చట్రాన్ని మొదటి నుంచి కట్టడం మహా కష్టం. స్టిగ్మాస్టెరాల్‌లో ఆ చట్రం సిద్ధంగా ఉంది. గోడలు, కప్పు ఉన్న ఇల్లు దొరికినట్టు. తలుపులు, కిటికీలు మార్చుకుంటే చాలు. జూలియన్ దాని నుంచి గర్భం నిలబడటానికి అవసరమైన ప్రొజెస్టరాన్‌ను పౌన్ల లెక్కన తయారుచేశారు. మొదటి పొట్లం ఖరీదు 60 వేల డాలర్లకు పైమాటే. తుపాకుల కాపలాతో పంపించారు.

మూత్రపిండాల మీది చిన్న టోపీలు

ఇక్కడ కొంచెం జీవశాస్త్రం చెప్పుకోవాలి. మన రెండు మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటినే అధివృక్క గ్రంథులు, లేదా ఎడ్రినల్ గ్రంథులు అంటారు. వాటి పైపొర నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ వస్తుంది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా శరీరం తట్టుకునేది దీని వల్లనే. ఎంత కార్టిసాల్ కావాలో చెప్పే అధికారి మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి. అది ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను పంపి అధివృక్క గ్రంథికి పని చెబుతుంది. కార్టిసాల్ ఎక్కువైతే పీయూష గ్రంథి తన ఆజ్ఞ తగ్గించుకుంటుంది. శరీర పెరుగుదలకు కావలసిన గ్రోత్ హార్మోన్‌ను పంపేది కూడా ఈ పీయూష గ్రంథే.

అధివృక్క గ్రంథి దెబ్బతింటే ఏమవుతుందో 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ వివరించారు. విపరీతమైన నీరసం, బరువు తగ్గడం, రక్తపోటు పడిపోవడం, చర్మం నల్లబడటం. ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. దాదాపు ఎనభై ఏళ్ల పాటు అడిసన్ జబ్బు అంటే మరణశిక్షే. 1961లో అమెరికా అధ్యక్షుడైన జాన్ కెన్నెడీకి కూడా ఈ జబ్బు ఉండేది. హార్మోన్ మందుల మీదే ఆయన నెట్టుకొచ్చారు.

1930ల్లో అమెరికాలో కెండాల్, స్విట్జర్లాండులో రైక్‌స్టైన్ పశువుల అధివృక్క గ్రంథుల నుంచి ఈ హార్మోన్లను ఒక్కొక్కటిగా వేరుచేశారు. టన్నుల కొద్దీ గ్రంథులు వడకడితే చిటికెడు పదార్థం వచ్చేది. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1949లో ఈ వార్త లోకమంతా పాకింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం బాల్టిమోర్ వైద్యుడు లాసన్ విల్కిన్స్, పుట్టుకతోనే అధివృక్క గ్రంథి లోపం ఉన్న పిల్లలకు కార్టిసోన్ పనిచేస్తుందని చూపారు. ఆ పిల్లలు చిన్నప్పుడు వయసుకు మించి పెరిగి, తరువాత పెరుగుదల ఆగిపోయి పొట్టిగా మిగిలిపోయేవారు.

మందు దొరికింది, కానీ కొనేదెవరు? మెర్క్ కంపెనీ పశువుల పైత్యరసం నుంచి ముప్ఫైకి పైగా మెట్లలో కార్టిసోన్ తయారుచేసేది. ఒక్క రోగికి ఒక్క రోజు మందు కావాలంటే 40 పశువుల పైత్యరసం కావాలని ఆనాటి లెక్క. గ్రాము ధర 200 డాలర్లు.

ఒక్క ఆక్సిజన్ పరమాణువు దూరం

1949లో జూలియన్ రంగంలోకి దిగారు. అధివృక్క గ్రంథిలోనే కాంపౌండ్ ఎస్ అనే పదార్థం ఉంటుంది. దానికీ కార్టిసాల్‌కూ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు. పదకొండో కర్బనం దగ్గర ఆ ఆక్సిజన్ ఉంటే కార్టిసాల్, లేకపోతే కాంపౌండ్ ఎస్. సోయా నుంచి వచ్చిన స్టీరాయిడ్లతో కాంపౌండ్ ఎస్‌ను చవకగా, పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతిని జూలియన్ కనిపెట్టారు.

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. కార్టిసోన్‌ను కనిపెట్టింది జూలియన్ కాదు. కాంపౌండ్ ఎస్ తనంత తానుగా కీళ్లవాతాన్ని తగ్గించదు కూడా. మిగిలిన ఆ ఒక్క ఆక్సిజన్‌ను పెట్టడమే రసాయన శాస్త్రవేత్తలకు కొరకరాని కొయ్య అయింది. దాన్ని ఛేదించింది మనిషి కాదు, బూజు. 1952లో అప్‌జాన్ కంపెనీలో పీటర్సన్, మరే అనే శాస్త్రవేత్తలు రైజోపస్ జాతి బూజు ప్రొజెస్టరాన్ మీద పదకొండో కర్బనం దగ్గర ఆక్సిజన్‌ను సునాయాసంగా పెట్టేస్తుందని చూపారు. రొట్టె మీద పట్టే బూజు కూడా ఈ కుటుంబానిదే. ఆ వెంటనే ఫైజర్ శాస్త్రవేత్తలు మరో రకం బూజుతో కాంపౌండ్ ఎస్‌ను నేరుగా హైడ్రోకార్టిసోన్‌గా మార్చగలిగారు. చిక్కుడు గింజ, దుంపలు, బూజు కలిసి పశువుల పైత్యరసాన్ని పక్కకు నెట్టాయి. ధర కొన్నేళ్లలోనే కొద్ది డాలర్లకు దిగింది. ఎందరో కలిసి వేసిన ఆ వంతెనలో గట్టి స్తంభం ఒకటి జూలియన్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో హైడ్రోకార్టిసోన్ ఉంది.

మనం తెలుసుకోవలసిన జాగ్రత్త

ఈ మందులు ఎంత గొప్పవో అంత ప్రమాదకరమైనవి కూడా. మన ఊళ్లలో మోకాళ్ల నొప్పులు రాత్రికి రాత్రే మాయం చేసే సూదిమందు, పేరులేని పొట్లం మాత్రలు ఇచ్చేవారు ఉన్నారు. వాటిలో చాలాసార్లు స్టీరాయిడ్ ఉంటుంది. బయటి నుంచి రోజూ స్టీరాయిడ్ అందుతుంటే పీయూష గ్రంథి తన ఆజ్ఞ ఆపేస్తుంది. పనిలేని అధివృక్క గ్రంథి కుంచించుకుపోతుంది. అప్పుడు మందు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఎక్కువ కాలం వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, చక్కెర జబ్బు వస్తుంది, పిల్లల్లో ఎదుగుదల కుంటుపడుతుంది. కాబట్టి అవసరమైన జబ్బుకు డాక్టరు రాసినంత వాడాలి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన అవ్వాతాతలు ఏ మాత్రలు వేసుకుంటున్నారో ఒక్కసారి చూడండి. సైన్సు చదివిన మనవడో మనవరాలో ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం మేలు జరగాలి.

ఇంటికి నిప్పు

1950లో షికాగోలోని ఒక పత్రిక జూలియన్‌ను ఆ సంవత్సరపు ఉత్తమ పౌరుడిగా ఎన్నుకుంది. అదే ఏడాది ఆయన ఓక్ పార్క్ అనే తెల్లజాతి పేటలో ఇల్లు కొన్నారు. నవంబరులో, ఇంకా గృహప్రవేశమైనా కాకముందే, దుండగులు ఆ ఇంటికి నిప్పు పెట్టడానికి ప్రయత్నించారు. 1951 జూన్‌లో ఇంటి మీదకు డైనమైట్ విసిరారు. ఆ సమయంలో పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. దేశానికి మందులిచ్చిన మనిషి తుపాకి పట్టుకుని, చిన్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రుళ్లు తన ఇంటికి తానే కాపలా కాశారు. అదే 1951లో శాస్త్రవేత్తల విందుకు పిలుపు వచ్చినా, ఆ క్లబ్బు నల్లవారిని లోపలికి రానివ్వలేదు.

జూలియన్ ఇల్లు ఖాళీ చేయలేదు. ఇరుగుపొరుగులో చాలామంది ఆయన పక్షాన నిలబడ్డారు. భార్య అన్నా జూలియన్ ఆయనకు కొండంత అండ. ఆమె కూడా సామాన్యురాలు కాదు. 1937లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి సామాజిక శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అమెరికాలో ఆ శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్న తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆ తరువాత భార్యాభర్తలిద్దరూ ఆ ఇంటి నుంచే పౌరహక్కుల ఉద్యమానికి పనిచేశారు. కోర్టుల్లో పోరాడే న్యాయ నిధికి జూలియన్ చందాలు కూడగట్టారు.

సొంత కాళ్ల మీద

1953లో గ్లిడెన్‌ను విడిచి జూలియన్ లాబొరేటరీస్ పేరుతో సొంత సంస్థ పెట్టారు. మెక్సికో అడవి దుంపల నుంచి స్టీరాయిడ్లు తయారుచేశారు. తనకు ఒకప్పుడు మూసిన తలుపులు గుర్తున్నాయి కాబట్టి, ఇతర కంపెనీలు కాదన్న నల్లజాతి రసాయన శాస్త్రవేత్తలను పిలిచి మరీ ఉద్యోగాలిచ్చారు. 1961లో ఆ సంస్థను 23 లక్షల డాలర్లకు అమ్మారు. 1964లో జూలియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి పరిశోధన కొనసాగించారు. వందకు పైగా పేటెంట్లు ఆయన పేరున ఉన్నాయి. 1973లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. అకాడమీలో అడుగుపెట్టిన తొలి నల్లజాతి రసాయన శాస్త్రవేత్త ఆయనే. అప్పటికి ఆయనకు డెబ్బై నాలుగేళ్లు.

1975 ఏప్రిల్ 19న కాలేయ క్యాన్సరుతో పెర్సీ జూలియన్ కన్నుమూశారు. 1993లో అమెరికా ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఇంటికి నిప్పు పెట్టిన ఓక్ పార్క్‌లోనే ఒక పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. హాస్టల్లో చోటివ్వని డిపావ్ విశ్వవిద్యాలయం 1980లో తన సైన్సు, గణిత భవనానికి ఆయన పేరు పెట్టుకుంది.

మనం నేర్చుకోవలసింది

పెర్సీ జూలియన్ కథ చదివి, కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చని ఊరుకుంటే సగమే నేర్చుకున్నట్టు. ఆయన కష్టపడ్డారు, నిజమే. కానీ అంత కష్టపడినా డాక్టరేట్ కోసం డిగ్రీ తరువాత పదకొండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ పదకొండేళ్లు ఆయనవి మాత్రమే కాదు, ఏ మందు కోసమో ఎదురుచూస్తూ పోయిన రోగులవి కూడా. ఆయనంతటి తెలివి ఉండి, అటక కూడా దొరకక ఇంటిదారి పట్టినవాళ్లు ఎందరో. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన వసతి గృహంలో లోటుపాట్లు ఉండవచ్చు. వాటి గురించి అడగడం మన హక్కు. కానీ ఈ కప్పు ఎవరి దయ వల్లా వచ్చింది కాదు, చదువు కోసం ఊరి బయట పడుకున్నవాళ్లు, గదుల నుంచి గెంటివేతకు గురైనవాళ్లు పోరాడి మనకు సంపాదించి పెట్టింది. సైన్సు మనవల్ల కాదని, ల్యాబు ఉన్న పెద్ద స్కూళ్ల పిల్లలకే అది వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. హైస్కూలు పాఠాలు, డిగ్రీ పాఠాలు ఒకేసారి చదివిన కుర్రవాణ్ణి గుర్తు చేసుకోండి. మన పూర్వ విద్యార్థులకు ఒక్క మనవి. ఉద్యోగంలో కుదురుకున్నాక జూలియన్ చేసినట్టే వెనక్కి తిరిగి చూడండి. ఏడాదికి ఒక్కసారి వచ్చి పదో తరగతి పిల్లలకు ఒక్క ప్రయోగం చేసి చూపించినా, తలుపు తెరిచినట్టే.